ఒంగోలులో కన్ఫ్యూషియస్ క్లాసు: రెండువేల నాలుగొందలకు ఏం గిట్టింది

ముందే చెప్పేస్తున్నాను, నేను ఈ క్లాసులో చేరింది చదువు మీద మోజుతో కాదు. ఆఫీసులో ఒక పొరపాటు చేసి, తల కొట్టేసినట్టయి చేరాను.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఎగుమతి చేసే ఒక కంపెనీలో కాగితాల పని నాది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, ఇవే పొద్దస్తమానం. రామతీర్థం క్వారీలో రాయి ఎంత నల్లగా, ఎంత మెరుపుతో వచ్చినా ఈ కాగితాల్లో ఒక అక్షరం తేడా వస్తే కంటైనరు రేవులో కూర్చుంటుంది. నిరుడు తైవాన్ పార్టీకి రెండు కంటైనర్ల స్లాబులు పంపాం. దేశం పేరు రాసే గడిలో మా సాఫ్ట్‌వేర్ ఒక జాబితా చూపిస్తుంది, అందులోంచి ఎంచుకోవాలి. జాబితాలో 'తైవాన్, ప్రావిన్స్ ఆఫ్ చైనా' అని ఉంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ జాబితాలో ఉన్న పేరే అది. చూశాను, నొక్కాను, ప్రింటు తీశాను. తైవాన్ చైనాలో ఒక రాష్ట్రమని దానర్థం. అది ఒప్పుకోని కొనుగోలుదారు కాగితాలన్నీ తిప్పి పంపాడు. మళ్ళీ చేయించి పంపేసరికి ఎనిమిది రోజులు పట్టింది, డెమరేజీ, అంటే రేవులో ఆగిన రోజుల అద్దె, మా ఖాతాలో రాశాడు.

మా సారు తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఏందమ్మా, ఇన్నేళ్ళ నుంచి ఆళ్ళతో యాపారం చేస్తన్నాం, ఆళ్ళ లెక్కేందో మనకి తెలవకపోతే ఎట్టా?" అన్నారు, అంతే.

ఆ వారమే లాయర్‌పేటలో జిరాక్స్ షాపు గోడకి ఒక కాగితం అంటించి ఉంది. 'కన్ఫ్యూషియస్, నేటి రాజకీయం: చైనా, తైవాన్, సింగపూర్. ఎనిమిది ఆదివారాలు, తెలుగులో' అని. చెప్పేది రిటైరైన హిస్టరీ లెక్చరర్ గారు. పేరు రాస్తే ఆయన ఒప్పుకోరు కాబట్టి మాస్టారు అనే అంటాను. సాయంత్రం ఐదు నుంచి ఏడు. ఫీజు 2,400, దాంట్లోనే అరవై నాలుగు పేజీల స్పైరల్ బైండింగ్ నోట్సు.

మేడ మీద హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, అందులో రెండిటికి కాళ్ళు ఊగుతాయి, మొదటివారమే గుర్తుపెట్టుకుంటే మంచిది. ఆరు దాటితే దోమలు. కింద బడ్డీ నుంచి టీ వస్తుంది, దానికి డబ్బులు మనవే. మా బ్యాచ్‌లో పద్దెనిమిది మందిమి. సివిల్స్‌కి చదివే కుర్రాళ్ళు ముగ్గురు, రిటైరైన బ్యాంకు మేనేజరు, మాజీ హెడ్ కానిస్టేబులు, రొయ్యల కంపెనీలో పనిచేసే అబ్బాయి, ఒక అంగన్‌వాడీ టీచరమ్మ, కొడుకుని చైనాలో ఎంబీబీఎస్ చదివిస్తున్న కందుకూరు పెద్దాయన, ఇట్టా. ఒక్కొక్కరిదీ ఒక్కో అవసరం. ఆ మాటకొస్తే పాఠం కంటే ఈ కలగూరగంప వల్లే క్లాసు రక్తి కట్టింది.

మొదటి క్లాసు మామూలుగా సాగింది. చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551లో లూ రాజ్యంలో, ఇప్పటి షాన్‌డాంగ్ రాష్ట్రంలోని చూఫూలో పుట్టాడు, 479లో పోయాడు. అసలు ఇంటిపేరు కోంగ్. కోంగ్ ఫూజి అనే పిలుపుని జెస్యూట్ పాదిరీలు లాటిన్‌లో తిప్పితే కన్ఫ్యూషియస్ అయింది. ఆయన తన చేత్తో రాసింది కాదు, శిష్యులూ ఆ శిష్యుల శిష్యులూ కూర్చిన మాటల పుస్తకమే లున్‌యూ, ఇరవై అధ్యాయాలు. రాజు-ప్రజ, తండ్రి-కొడుకు, భర్త-భార్య, అన్న-తమ్ముడు, స్నేహితుడు-స్నేహితుడు అని ఐదు సంబంధాలు. ఇదంతా ఫోనులో వెతికితే దొరికేదే. నాకు కునుకు కూడా పట్టింది.

రెండో ఆదివారం గొర్రె వచ్చింది. నిద్ర వదిలింది.

లున్‌యూలో ఒక ప్రభువు గొప్పగా చెప్తాడు: మా ఊళ్ళో నిజాయితీపరుడు ఒకడున్నాడు, తండ్రి గొర్రెను దొంగిలిస్తే వాడే సాక్ష్యం చెప్పాడు అని. కన్ఫ్యూషియస్ ఏమంటాడంటే, మా ఊళ్ళో నిజాయితీ వేరు, తండ్రి తప్పు కొడుకు దాస్తాడు, కొడుకు తప్పు తండ్రి దాస్తాడు, నిజాయితీ అందులోనే ఉంది అని. మాస్టారు ఇంతవరకే చదివి, పుస్తకం మూసి కూర్చున్నారు.

హెడ్ కానిస్టేబులు గారికి కోపమొచ్చింది. "దొంగని దాచినోడి మీద కూడా కేసు కట్టాల్సిందే, అయ్యయినా సరే" అన్నారు. బ్యాంకాయన, ఇట్టా దాచుకోబట్టే మొండి బకాయిలు పెరిగేది అన్నారు. అంగన్‌వాడీ టీచరమ్మ నిదానంగా, "నిజం చెప్పమని ఆ పిల్లోడికి నేర్పింది ఆ నాయనేగా. ఆయన్నే పట్టించాక ఇంక ఆడు ఎవరి మాట నమ్మతాడు?" అంది. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మాస్టారు అసలు సంగతిలోకి దిగారు. హాన్ వంశం రోజుల నుంచే దగ్గర బంధువుల నేరం దాచితే శిక్ష తగ్గించే, లేదా అసలు వేయని పద్ధతి చైనా చట్టంలో ఉందట. మావో నడిపిన సాంస్కృతిక విప్లవం రోజుల్లో అది తలకిందులైంది, పిల్లలు తల్లిదండ్రుల్ని బహిరంగంగా దోషులని వేలెత్తి చూపించారు. మళ్ళీ 2012లో క్రిమినల్ ప్రొసీజర్ చట్టాన్ని సవరించి, నిందితుడి భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాలని బలవంతపెట్టకూడదని పెట్టారు. ఒక గొర్రె ఇంతదూరం నడిచింది. బంధుప్రీతికీ అవినీతికీ ఇదే వేరు అనే వాళ్ళూ, మనిషికి మనిషికి మధ్య నమ్మకానికి ఇదే మూలం అనే వాళ్ళూ ఇప్పటికీ అక్కడ పుస్తకాలకు పుస్తకాలు రాసి కొట్లాడుకుంటున్నారట. టీ చల్లారిపోయింది, ఎవరికీ పట్టలేదు.

మూడో వారం ఇరవయ్యో శతాబ్దం. ఇది పరుగు పందెం. 1905లో కన్ఫ్యూషియస్ గ్రంథాల మీద నడిచే ఉద్యోగ పరీక్షలు రద్దు, 1919 విద్యార్థి ఉద్యమం కాలంలో 'కన్ఫ్యూషియస్ దుకాణం కూలగొట్టండి' అనే నినాదం, 1966లో బీజింగ్ నుంచి వెళ్ళిన రెడ్ గార్డులు, అంటే మావో విద్యార్థి దళాలు, చూఫూలో గుడినీ సమాధుల్నీ ధ్వంసం చేయడం, 1973-74లో మావో ఒకప్పటి వారసుడు లిన్ బియావోని, కన్ఫ్యూషియస్‌ని ఒకే గాటన కట్టి విమర్శించే ఉద్యమం. అదే కమ్యూనిస్టు పార్టీ పాలనలో 2008 ఒలింపిక్స్ ప్రారంభం రోజున, దూరం నుంచి మిత్రులు రావడం ఎంత సంతోషం అనే కన్ఫ్యూషియస్ మాటనే డప్పులు కొడుతూ పలికించారు. 2011 జనవరిలో తియానన్మెన్ చౌకు పక్కన, నేషనల్ మ్యూజియం ముందు తొమ్మిదిన్నర మీటర్ల కంచు విగ్రహం పెట్టారు. ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి తీసి మ్యూజియం లోపలి ఆవరణలోకి మార్చారు. 2013లో షీ జిన్‌పింగ్ స్వయంగా చూఫూ వెళ్ళొచ్చారు. విగ్రహం సంగతి వినగానే క్లాసంతా నవ్వారు. మన సెంటర్లలో విగ్రహాల గొడవలు చూసినోళ్ళకి ఇది వేరే చెప్పాలా?

ఇక నేను డబ్బులు కట్టింది దేనికో అది నాలుగో వారం దొరికింది.

శిష్యుడు జీలూ గురువుని అడుగుతాడు: వెయ్ రాజ్యపాలన మీ చేతికిస్తే మొదట ఏం చేస్తారు? పేర్లు సరిచేస్తాను అంటాడు కన్ఫ్యూషియస్. ఇదేం సంబంధంలేని మాట అంటాడు శిష్యుడు. గురువు చివాట్లు పెట్టి వరసగా చెప్తాడు: పేరు సరిగా లేకపోతే మాట కుదరదు, మాట కుదరకపోతే పని జరగదు, పని జరగకపోతే మర్యాదలూ సంగీతమూ నిలవవు, అవి లేకపోతే శిక్షలు తప్పుతాయి, చివరికి జనానికి కాలూ చెయ్యీ ఎక్కడ పెట్టాలో తెలియకుండా పోతుంది. వెయ్‌లో అప్పుడు సింహాసనం మీద కొడుకు, దాని కోసం బయట నుంచి తండ్రి పోరాటం. ఎవరిని రాజు అనాలి, ఎవరిని వారసుడు అనాలి అన్నదే అక్కడి గొడవంతా. ఈ సిద్ధాంతానికి చైనా భాషలో జెంగ్‌మింగ్ అని పేరు.

నా ఒళ్ళు జలదరించింది అంటే అతిశయోక్తి అనుకుంటారు. చెయ్యెత్తి నా సర్టిఫికెట్ కథ అంతా చెప్పాను. మాస్టారు కళ్ళజోడు తీసి, "అమ్మాయ్, నువ్వు పాఠం చెప్పేసినట్టే, నేను ఉదాహరణలు ఇస్తా రాసుకో" అన్నారు.

తైవాన్‌లో 2002లో ఒక ఉద్యమం మొదలైంది, దాని పేరే జెంగ్‌మింగ్ ఉద్యమం. సంస్థల పేర్లలో 'చైనా' తీసి 'తైవాన్' పెట్టాలని వాళ్ళ పట్టు. 2003 నుంచి పాస్‌పోర్టు అట్ట మీద 'తైవాన్' అనే మాట ఎక్కింది. 2007లో తపాలా శాఖకి తైవాన్ పోస్ట్ అని పేరు మార్చారు, 2008లో ప్రభుత్వం మారగానే పాత పేరు తిరిగొచ్చింది. ఒలింపిక్స్‌లో వాళ్ళు 'చైనీస్ తైపీ'. 2002 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినప్పటి పేరు 'తైవాన్, పెంగూ, కిన్‌మెన్, మాత్సూల ప్రత్యేక కస్టమ్స్ ప్రాంతం'. ఇంత పొడుగు పేరు మా సాఫ్ట్‌వేర్ గడిలో పట్టదు, ఇది నా గొడవ.

మన దేశానికీ తైవాన్‌కీ అధికారిక దౌత్య సంబంధాలు లేవు. అందుకే తైపీలో మన ఆఫీసు పేరు ఇండియా-తైపీ అసోసియేషన్, 1995లో పెట్టారు. చెన్నైలో 2012లో వాళ్ళు తెరిచిన ఆఫీసు పేరు తైపీ ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్. వీసా ఇస్తారు, కాన్సులేట్ చేసే పనులు చేస్తారు, బోర్డు మీద మాత్రం కాన్సులేట్ అనే మాట ఉండదు. 2021 నవంబరులో లిథువేనియా రాజధాని విల్నియస్‌లో 'తైపీ' బదులు 'తైవాన్' పేరుతో ఆఫీసు తెరవనిచ్చారు. అంతే, చైనా ఆ దేశంతో దౌత్య సంబంధాల హోదా తగ్గించేసింది. ఒక్క మాటకి.

మరుసటి రోజు ఈ సంగతి మా సారుకి చెప్తే ఫోను తీసి, చైనాలోని షియామెన్‌లో రాళ్ళ ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు తీసిన ఫొటో చూపించారు. సముద్రం ఒడ్డున ఎర్రటి పెద్ద పెద్ద అక్షరాలు. ఏదో హోటల్ ప్రకటన అనుకున్నారట ఇన్నాళ్ళూ. అది తైవాన్ ఏలుబడిలో ఉన్న కిన్‌మెన్ దీవుల వైపు తిప్పి పెట్టిన నినాదం: ఒకే దేశం, రెండు వ్యవస్థలు, చైనా ఏకీకరణ. అటు కిన్‌మెన్ పక్కన దాదాన్ దీవి మీద దానికి ఎదురుగా ఇంకో నినాదం: మూడు ప్రజా సూత్రాలతో చైనా ఏకీకరణ. ఆ సూత్రాలు చైనా రిపబ్లిక్ స్థాపకుడు సన్ యట్ సేన్‌వి. మధ్యలో కొద్ది కిలోమీటర్ల నీళ్ళు. మన గెలాక్సీ బ్లాకులు చాలావరకు దిగేది ఆ ప్రాంతంలోనే.

ఐదో వారం సింగపూర్, నాకు నచ్చలేదు. మాస్టారికి ఆ దేశపు తొలి ప్రధాని లీ క్వాన్ యూ అంటే మహా ఇష్టం, అది దాచుకోలేరు. సంగతులు చెప్పడంలో తప్పు లేదు. 1982లో స్కూళ్ళలో కన్ఫ్యూషియస్ నీతిపాఠం పెడతామని ప్రకటించారు, బయటి దేశాల నుంచి పండితుల్ని పిలిపించి పుస్తకాలు రాయించారు, 1984 నుంచి చెప్పారు. తీరా చూస్తే చైనా సంతతి పిల్లలే ఎక్కువమంది బౌద్ధం, బైబిల్ పాఠాల వైపు వెళ్ళారు. కొన్నేళ్ళకే ఎత్తేశారు. 1991లో 'ఉమ్మడి విలువలు' అని ప్రకటించినప్పుడు మలయ్ జాతివాళ్ళూ భారతీయులూ ఇబ్బంది పడతారని కన్ఫ్యూషియస్ పేరు అందులో పెట్టలేదు. దేశం ముందు, సమాజం కంటే వ్యక్తి తర్వాత, కుటుంబమే పునాది, ఘర్షణ కాదు ఏకాభిప్రాయం అనే సరుకు మాత్రం ఉంచారు. 1995లో తల్లిదండ్రుల పోషణ చట్టం. మనకూ 2007లో అలాంటిదే వచ్చింది, దానికి ఏ ఋషి పేరూ తగిలించలేదు మరి.

ఆసియా మనుషుల సంస్కృతికి పాశ్చాత్య ప్రజాస్వామ్యం నప్పదు అనే లీ వాదానికి 1994లో కొరియా నాయకుడు కిమ్ డే జంగ్ గట్టి జవాబు రాశాడు. పాలకుడు దుర్మార్గుడైతే ప్రజలు అతన్ని దించొచ్చని కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన మెన్షియస్ ఎప్పుడో చెప్పాడు కదా అని అందులో ఎత్తిచూపాడు. మాస్టారు దీన్ని ఐదు నిమిషాల్లో ముగించారు. లీకి నలభై నిమిషాలు. తైవాన్‌ని ఈ క్లాసులోకి తెచ్చి ఉంటే లెక్క తేలేది. 1966లో చైనాలో గుళ్ళు కూలుతుంటే, దానికి పోటీగా, కమ్యూనిస్టుల చేతిలో ఓడి తైవాన్ చేరి ఏలుతున్న చియాంగ్ కై షేక్ అక్కడ సంస్కృతి పునరుజ్జీవన ఉద్యమం నడిపాడు. కన్ఫ్యూషియస్ వంశంలో 77వ తరం కుంగ్ తె చెంగ్‌ని 1949లోనే వెంట తీసుకెళ్ళారు. 2008లో ఆయన పోయాక మనవడు కన్ఫ్యూషియస్ పూజాధికారి పదవిలో ఉన్నాడు. సెప్టెంబరు 28, కన్ఫ్యూషియస్ పుట్టినరోజు, అక్కడ ఉపాధ్యాయ దినం. అదే తైవాన్ 1996 నుంచి అధ్యక్షుణ్ణి నేరుగా ఓటేసి ఎన్నుకుంటోంది, 2019లో స్వలింగ వివాహాలకు చట్టం చేసింది, ఆసియాలో మొదట. ఈ ముక్కలన్నీ నోట్సులో ఉన్నాయి, చెరో పేజీలో. వాటిని పక్కపక్కన పెట్టి అడిగింది మా సివిల్స్ కుర్రాడు. "అట్టయితే మాస్టారూ, కన్ఫ్యూషియస్ వల్ల ప్రజాస్వామ్యం రాదన్న మాట ఎక్కడ నిలబడుద్ది?" మాస్టారు నవ్వి, టైమైంది అన్నారు. నిజంగానే ఏడయింది. అయినా.

ఇండోనేసియాకి ఆరో వారం అరగంటే ఇచ్చారు, ఆ అరగంట బంగారం. అక్కడ కన్ఫ్యూషియస్ మార్గం ఒక మతం, ప్రభుత్వం గుర్తించిన ఆరింటిలో ఒకటి. అప్పటి పాలకుడు సుహార్తో 1967లో చైనా ఆచారాల్ని బహిరంగంగా జరపకూడదన్నాడు. 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఆ నిషేధం ఎత్తేశాడు. 2006 తర్వాత ఆ మతం పేరుతో గుర్తింపు కార్డు, పెళ్ళి నమోదు మళ్ళీ సాధ్యమయ్యాయి. ఇంతకీ కన్ఫ్యూషియస్‌ది మతమా, నీతా, రాజనీతా అని మేం తలలు బద్దలుకొట్టుకుంటుంటే అక్కడి మనిషికి అది కార్డులో ఒక గడి. ఆ గడి సంగతి నాకు బాగా తెలుసు.

ఏడో వారం కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్లు, అంటే బయటి దేశాల్లో చైనా భాష నేర్పే కేంద్రాలు. 2004లో సియోల్‌తో మొదలు, మన పక్కన వెల్లూరు వీఐటీలో కూడా ఒకటి వచ్చింది. యూరప్‌లో మొదటిదైన స్టాక్‌హోమ్‌ది 2015లో మూతపడింది, షికాగో యూనివర్సిటీ 2014లోనే వద్దంది. 2020లో మన విద్యాశాఖ కూడా వీటిని సమీక్షిస్తామంది. పాఠాలు చైనా ప్రభుత్వ డబ్బుతో నడుస్తాయి, తైవాన్, టిబెట్ మాట ఎత్తరు అన్నది ఆరోపణ. కందుకూరు పెద్దాయన అంతా విని, "మా వోడు ఆడ భాష నేర్చుకుంటే తప్పేమన్నా ఉందా సార్?" అని భయంగా అడిగారు. ఏమీ లేదండీ, భాష భాషే అని మాస్టారు చెప్పిన తీరు నాకు నచ్చింది.

చివరి క్లాసులో గల్వాన్ వచ్చింది, రాక తప్పదు. కన్ఫ్యూషియస్ సామరస్యం అంటాడు, ఆయుధాలు, తిండి, నమ్మకం మూడింట్లో ఒకటి వదలాల్సి వస్తే ముందు ఆయుధాలే వదలమంటాడు, మరి 2020 జూన్‌లో మన ఇరవై మంది జవాన్లు ఎందుకు చనిపోయారు అని ఇంకో కుర్రాడు నిలదీశాడు. దానికి జవాబు లున్‌యూలో వెతక్కు నాయనా, మ్యాపులో వెతుకు, రోడ్లు ఎక్కడేస్తున్నారో చూడు అన్నారు మాస్టారు. ఎనిమిది వారాల్లో ఆయన చెప్పిన వాటిలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించిన మాట ఇదే.

లోపాలు ఉన్నాయి. రికార్డింగు పంపుతామన్నారు, నాలుగే వచ్చాయి, ఒకదాంట్లో ఫ్యాను చప్పుడే వినపడుతుంది. నోట్సులో ఒకే మనిషి పేరు ఒక పేజీలో 'కుంగ్', ఇంకో పేజీలో 'కోంగ్'. పేర్లు సరిచేయడం గురించి పాఠం చెప్పే నోట్సు ఇట్టా ఉంటే ఎట్టా? శిక్షల్నీ చట్టాన్నీ నమ్ముకున్న లీగలిస్టులకి రెండు పేరాలు. పైకి కన్ఫ్యూషియస్, లోపల లీగలిజం అని చైనావాళ్ళే తమ రాజ్యాల గురించి చెప్పుకునే మాటని వివరించకుండా వదిలేశారు. హాంకాంగ్ ఊసే సరిగా లేదు. ఆడవాళ్ళనూ అల్పుల్నీ భరించడం కష్టం, దగ్గరికి తీస్తే నెత్తికెక్కుతారు, దూరం పెడితే అలుగుతారు అని లున్‌యూలో ఒక వాక్యం ఉంది. దాని సంగతేంటని నేనూ టీచరమ్మా కలిసి అడిగాం. ఆ కాలం అట్టాంటిది అన్నారు. గొర్రెకి గంటన్నర ఇచ్చిన మనిషి మాకు రెండు నిమిషాలిచ్చారు.

చైనావాళ్ళ మనసు ఇట్టా పనిచేస్తుందని ఒక సూత్రం చేతికొస్తుందనుకుని వెళ్ళే వ్యాపారస్తులు వెళ్ళొద్దు, డబ్బు దండగ. నేనూ అదే ఆశతో వెళ్ళాను, దొరకలేదు. సివిల్స్ పిల్లలు మూడు, నాలుగు, ఏడు వారాలు తప్పక వినాలి, విడిగా వారానికి మూడొందల యాభై తీసుకుంటారు. కొత్త బ్యాచ్ సంక్రాంతి తర్వాత. ఐదుకి మూడున్నర ఇస్తాను. కుర్చీలు మారిస్తే నాలుగు.

పోయిన వారం తైవాన్ పార్టీకి మళ్ళీ ఒక కంటైనరు కట్టాం. ఈసారి కాగితాలు తీయకముందే మెయిలు పెట్టాను, మీ దేశం పేరు ఈ గడిలో ఎలా ఉండాలో మీరే రాసి పంపండి అని. పది నిమిషాల్లో జవాబొచ్చింది. మొదటి వరసలో ఒకే ఒక్క మాట, తైవాన్. రెండో వరసలో, పదిహేడో నంబరు స్లాబు ఎడమ మూల ఫొటోలో గీతలా కనపడేది పగులా, నీటి చారా అని. సారు క్వారీకి వెళ్ళారు చూడ్డానికి.